విమానం మీద ఎర్రచుక్క

పిల్లలూ! బాలాపూర్ అనగానే మీకు వినాయకుడి లడ్డూ గుర్తుకు వస్తుంది గదా! 1994లో 450 రూపాయలకు పాడిన ఆ లడ్డూ వేలంపాట ఇప్పుడు లక్షలలోకి వెళ్ళింది. నేను ఆ బాలాపూర్‌లోనే పుట్టి పెరిగాను. అయితే ఇప్పుడు మీకు చెప్పబోయేది లడ్డూ సంగతి కాదు. మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్న రెండు చిన్న విమానాల సంగతి.

ఒకదాన్ని నేను పన్నెండేళ్ళ వయసులో చేశాను. రెండవదాన్ని మొన్న వేసవి సెలవులలో నేనూ మా మనవరాలూ కలిసి చేశాము. రెండూ స్పిట్‌ఫైర్ అనే యుద్ధవిమానానికి ప్లాస్టిక్ నమూనాలే. రెండూ జానెడుకు లోపే ఉంటాయి. చూసినవాళ్ళు కవలపిల్లల్లా ఉన్నాయంటారు. కాని పాతదాని మీద గుండ్రటి గుర్తు నడుమ ఎర్రచుక్క ఉంది. కొత్తదానికి లేదు. ఆ ఎర్రచుక్క నలభై ఏళ్ళకు పైగా నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకో చెబుతాను, వినండి.

అది 1978వ సంవత్సరం. అప్పుడు మా బాలాపూర్ ఒక పల్లెటూరు. చెరువూ, పొలాలూ, తాటిచెట్లూ ఉండేవి. బేగంపేటకు వచ్చే విమానం ఎప్పుడైనా మా మీదుగా పోతే చేతిలో పని వదిలి అందరమూ ఆకాశంకేసి చూసేవాళ్ళం. నాకున్న విమానాల పిచ్చి చూసి, లండనులో ఉద్యోగం చేస్తున్న మా మేనమామ సెలవుకు వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. అందులో స్పిట్‌ఫైర్ ముక్కలు ముక్కలుగా ఉంది. ఆ ముక్కలన్నీ జిగురుతో అతికించుకుంటే విమానం తయారవుతుంది. అసలు విమానం ఎంత ఉంటుందో అందులో 72వ వంతు. అసలు స్పిట్‌ఫైర్ రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 11 మీటర్ల 23 సెంటీమీటర్లు. దాన్ని 72 పెట్టి భాగించి చూడండి. పదిహేనున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ వస్తుంది.

పెట్టెలో విమానం ముక్కలతోపాటు ఒక చిన్న కాగితం కూడా ఉంది. దాని మీద గుండ్రటి గుర్తులూ, అక్షరాలూ, అంకెలూ అచ్చువేసి ఉన్నాయి. వీటిని డెకాళ్ళు అంటారు. మామూలు స్టిక్కరుకు వెనుక జిగురు ఉంటుంది. డెకాలు అలా కాదు. కాగితం మీద నీటిలో కరిగే జిగురు పూస్తారు. ఆ జిగురు మీద పలచటి వార్నిషు పొర ఉంటుంది. రంగులన్నీ ఆ పొరకు అంటుకుని ఉంటాయి. కాగితాన్ని అర నిమిషం నీటిలో ఉంచితే జిగురు కరిగి, బొమ్మ కాగితం మీద జారడం మొదలుపెడుతుంది. అప్పుడు దాన్ని కుంచెతో మెల్లగా విమానం మీదికి జరిపి, మెత్తటి గుడ్డతో నీరు అద్దివేయాలి. ఆరిన తరువాత అది రంగువేసినట్టే కనిపిస్తుంది.

మా వీధి చివర ఒక తాతగారు ఉండేవారు. ఆయన రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మన వైమానిక దళంలో ఫిట్టరుగా పని చేశారు. విమానాల యంత్రాలు విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించడం ఆయన పని. 1944లో జపాను సైన్యం ఇంఫాలును ముట్టడించినప్పుడు ఆయన ఆ ప్రాంతంలోనే ఉన్నారు. ఆ రోజులలో ఇంఫాలులో మన ఒకటవ నంబరు దళానికి నాయకుడు అర్జన్ సింగ్. 1965 యుద్ధం నాటికి ఆయనే మన వైమానిక దళాధిపతి అయ్యారు. తాతగారు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఈ కబుర్లన్నీ చెబుతూ ఉంటే నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి.

అందుచేత నా స్పిట్‌ఫైర్‌ను బర్మా విమానంగా చేయాలని నాకు బుద్ధి పుట్టింది. ఆకుపచ్చ రంగూ మట్టి రంగూ కలిపి అడవి విమానంలా రంగులు వేశాను. పెట్టెలో ఉన్న డెకాళ్ళన్నీ జాగ్రత్తగా అంటించాను. ఆ ఏడు మా బడిలో వస్తుప్రదర్శన జరిగింది. విమానం పక్కన ఒక అట్టముక్క నిలబెట్టి, దాని మీద ఇలా రాశాను: "1945లో బర్మా మీద ఎగిరిన స్పిట్‌ఫైర్. ఇందులో ప్రతి గుర్తూ అసలు విమానం మీద ఉన్నట్టే ఉంటుంది."

నాకు మొదటి బహుమతి వచ్చింది. ఒక పెద్ద నిఘంటువు ఇచ్చారు. మా మాస్టారు పదిమందిలో నా వీపు తట్టి, "చూశారా, పని చేస్తే ఇంత శ్రద్ధగా చేయాలి!" అన్నారు.

ఆ సాయంత్రం విమానం పట్టుకుని తాతగారి ఇంటికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. "అతుకు ఎక్కడా కనిపించకుండా చేశావురా, అబ్బాయీ!" అని మెచ్చుకున్నారు. తరువాత కాసేపు ఊరుకుని, "కాని ఈ విమానం బర్మాలో పొద్దున లేచిందనుకో, సాయంత్రానికి తిరిగి రాదు," అన్నారు.

"ఎందుకు, తాతయ్యా?" అన్నాను.

"మనవాళ్ళే కూల్చేస్తారు," అంటూ ఆయన ఎర్రచుక్క మీద వేలు పెట్టారు.

తాతగారిది విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆనాడు ఆయన విశాఖలోనే ఉన్నారు. పైన పోతున్న విమానాల రెక్కల మీద ఎర్రటి గుండ్రాలు కనిపించాయట. అది జపాను గుర్తు, ఉదయించే సూర్యుడు. ఇక ఇంగ్లండు విమానాల గుర్తులోనూ నడుమ ఎర్రచుక్కే ఉండేది. దాని చుట్టూ తెలుపు, ఆ పైన నీలం. విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉంటే, కింద ఫిరంగి దగ్గర నిలబడ్డవాడు నీలమూ తెలుపూ లెక్కపెడతాడా? ఎరుపు కనబడితే చాలు, పేల్చేస్తాడు. అందుకని జపానుతో పోరాడే విమానాల మీద ఎరుపును తీసివేశారు. అమెరికావాళ్ళు కూడా తమ నక్షత్రం నడుమ ఉన్న ఎర్రచుక్కను 1942లోనే తీసివేశారు. మన ప్రాంతంలో ఎగిరే విమానాలకు ముదురు నీలం గుండ్రం, దాని నడుమ లేత నీలం చుక్క మిగిలాయి.

"కొత్తగా వచ్చిన విమానం మీద ఎక్కడైనా ఎరుపు కనిపిస్తే మేమే కుంచె తీసుకుని పూసేసేవాళ్ళం. ఉత్త తెలుపు పూస్తే అడవి మీద మరీ మెరుస్తుంది, శత్రువుకు గురి అవుతుంది. అందుకని తెలుపులో నీలం కలిపేవాళ్ళం. ఆ చుక్క పూసేటప్పుడు, ఇది ఒక మనిషి ప్రాణం గదా అనుకునేవాణ్ణి," అన్నారు తాతగారు.

నేను ఒప్పుకోలేదు. "పెట్టెలో ఇచ్చినవే గదా అంటించాను!" అన్నాను.

ఆయన కోప్పడలేదు. లోపలికి వెళ్ళి ఒక పాత ఫొటో తెచ్చారు. విమానం ముందు నలుగురు కుర్రవాళ్ళు నవ్వుతూ నిలబడి ఉన్నారు. అది నలుపూ తెలుపూ ఫొటో. "రంగు తెలియని ఫొటోలో ఎరుపు లేదని ఎలా చెబుతావు?" అని నన్నే అడిగారు. నాకు తెలియలేదు. అప్పుడు ఆయన చెప్పింది మీకూ పనికివస్తుంది.

పాతకాలపు ఫిల్ములలో ఒక రకానికి ఎరుపు రంగు కనిపించదు. ఎర్రటి వస్తువు నుంచి వచ్చే వెలుతురు ఆ ఫిల్మును కదిలించలేదు కనుక, ఫొటోలో అక్కడ నల్లగా పడుతుంది. పసుపు కూడా ముదురుగానే పడుతుంది. నీలం మాత్రం పలచగా పడుతుంది. మీరే చేసి చూడండి. నీలం రంగు గాజుకాగితాన్ని కంటికి అడ్డం పెట్టుకుని ఎర్ర పెన్సిలునూ, నీలం పెన్సిలునూ చూడండి. ఎర్ర పెన్సిలు నల్లబడిపోతుంది. తాతగారి ఫొటోలో గుండ్రం నడుమ చుక్క తెల్లగా ఉంది. అది ఎరుపైతే అంత తెల్లగా పడదు!

ఇక నాకు మాట లేదు. "ఇప్పుడేం చేయను, తాతయ్యా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"విమానం నీది. అట్టముక్క మీద రాసిందీ నువ్వే," అన్నారాయన. ఇంకేమీ అనలేదు.

పిల్లలూ, నేను మర్నాడు మాస్టారి దగ్గరకు వెళ్ళి నిజం చెప్పానని మీరు అనుకుంటున్నారేమో! చెప్పలేదు. ఈవేళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపేశాను. తరువాత పెద్ద తరగతులకు వెళ్ళిపోయాను. నేను కాలేజీలో చదువుతూ ఉండగా తాతగారు పోయారు. నిఘంటువు ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాన్ని తెరిచినప్పుడల్లా ఆ ఎర్రచుక్క కళ్ళలో మెదిలేది.

మొన్న వేసవిలో మా మనవరాలు ఒకనాడు పరిగెత్తుకుంటూ వచ్చి, "తాతయ్యా! ఇంగ్లండు వైమానిక దళంలో మన హైదరాబాద్ పేరుతో విమానాలు ఉండేవట, నిజమేనా?" అని అడిగింది.

నిజమే. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో 110వ నంబరు దళానికి బాంబు విమానాలు కొన్నారు. ఆ విమానాల మీద నిజాం కానుక అని రాసి, హైదరాబాద్ అని నంబర్లు కూడా వేశారు. వాటిలో ఒకటి జర్మనులకు చిక్కి, చేతులు మారి, చివరకు పోలండు దేశంలో క్రాకో నగరపు మ్యూజియం చేరింది. 1977లో లండను మ్యూజియంవాళ్ళు దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. దానికి బదులుగా ఏమిచ్చారో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్‌ను! రెండవ ప్రపంచయుద్ధంలో 152వ దళానికీ, 253వ దళానికీ కూడా హైదరాబాద్ పేరు వచ్చింది. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఈ కానుకలన్నీ నిజాం పేరుతో ఇచ్చినవే అయినా, ఆయన ఖజానా నిండింది మన పల్లెల రైతులు కట్టిన శిస్తులతో. ఆ విమానాల మీద మా బాలాపూర్ పేరు లేకపోయినా, ఈ పొలాల చెమట కూడా కాస్త వాటిలో ఉందని నేను అనుకుంటూ ఉంటాను.

"అయితే మనం 152వ దళం స్పిట్‌ఫైర్ చేద్దాం!" అన్నది మా మనవరాలు.

"చేద్దాం. కాని ముందు ఎప్పటిదో, ఎక్కడిదో తేల్చుకోవాలి," అన్నాను.

ఎందుకంటే ఈ దళం చాలా దేశాలు తిరిగింది. 1940లో ఇంగ్లండులో వార్మ్‌వెల్ అనేచోట ఉండి జర్మను విమానాలతో పోరాడింది. అప్పుడు దాని విమానాల మీద ఎర్రచుక్క ఉండాలి. పక్కల మీద గుండ్రానికి పసుపు అంచు కూడా ఉండాలి. తరువాత ఆఫ్రికా, సిసిలీ, ఇటలీ మీదుగా 1943 చివర మన దేశం వచ్చి, బర్మా యుద్ధంలో దిగింది. అప్పుడు ఎర్రచుక్క ఉండకూడదు. దళం అదే, పేరు అదే, విమానం పక్కన రాసే 'యు ఎమ్' అక్షరాలూ అవే. ఒకచోట ఒప్పయిన చుక్క ఇంకొకచోట ప్రాణం తీస్తుంది. కాబట్టి ఏ విమానానికైనా డెకాళ్ళు వెతికేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ సంవత్సరం? ఏ యుద్ధరంగం? ఏ దళం? ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా కాగితాన్ని నీటిలో వేయకూడదు.

మన విమానాలకైనా ఇదే లెక్క. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన విమానాల మీద అశోకచక్రం ఉండేది. ఆ తరువాత మూడు రంగుల గుండ్రం వచ్చింది. అందులో నడుమ ఏ రంగు ఉంటుందో చూడకుండా చెప్పగలరా? ఆకుపచ్చ. కాషాయం బయట ఉంటుంది.

మేము 1945 బర్మా విమానమే చేయాలని నిశ్చయించుకున్నాము. కొన్ని దేశాలలో డెకాళ్ళను మాత్రమే విడిగా అచ్చువేసి అమ్మేవారు ఉన్నారు. అలాంటి కాగితం ఒకటి తెప్పించాము. దాని మీద ఈ దళం బర్మాలో వేసుకున్న గుర్తు ఉంది. గుండ్రం మీదుగా ఒక నల్లటి చిరుతపులి దూకుతున్నట్టుండే బొమ్మ అది. మా మనవరాలు ఎగిరి గంతేసింది. అయినా నేను వెంటనే అంటించనివ్వలేదు. పుస్తకంలో ఉన్న ఫొటో పక్కన పెట్టి, స్కేలు తీసి కొలవమన్నాను. విమానం అసలు పొడవు మనకు తెలుసు. ఫొటోలో ఎంత ఉందో కొలవవచ్చు. ఇక గుండ్రం ఎంత ఉండాలో త్రైరాశికం వేస్తే వస్తుంది. మా నమూనా మీద ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, అసలు విమానం మీద అది 7 సెంటీమీటర్లు దాటుతుంది! లెక్క సరిపోయింది. అప్పుడు విమానానికి ముందుగా మెరిసే వార్నిషు పూశాము. గరుకుగా ఉన్నచోట అంటిస్తే అడుగున గాలి చిక్కుకుని, డెకాలు అంచులు వెండిపూతలా తెల్లగా కనిపిస్తాయి. నున్నగా ఉంటే ఆ బాధ ఉండదు. ఇంకొక చిట్కా: డెకాళ్ళు పాతబడి పసుపుపచ్చగా అయిపోతే, వాటిని పాలిథిన్ కవరులో పెట్టి ఎండపడే కిటికీ అద్దానికి కొన్నాళ్ళు అంటించి ఉంచండి. ఎండకు ఆ పసుపు చాలావరకు విరిగిపోతుంది.

చిరుతపులిని జరిపేటప్పుడు దాని తోక మడతపడిపోయింది. మా మనవరాలికి ఏడుపు వచ్చినంత పని అయింది. "లాగకమ్మా! నీటిచుక్క వెయ్యి, అదే విచ్చుకుంటుంది," అన్నాను. చుక్క వేసి ఊపిరి బిగబట్టి చూశాము. తోక మెల్లగా విచ్చుకున్నది.

విమానం తయారైన తరువాత మా మనవరాలు బీరువాలోంచి నా పాత విమానం తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టింది. చాలాసేపు చూసి, "తాతయ్యా! నీ విమానం పంకాకు మూడే రెక్కలున్నాయి. దీనికి నాలుగున్నాయి!" అన్నది.

నేను తెల్లబోయాను. అది నిజమే! మా మేనమామ తెచ్చినది 1940 నాటి మొదటి రకం స్పిట్‌ఫైర్. దాని పంకాకు మూడు రెక్కలు. 152వ దళం 1945లో బర్మాలో నడిపినది ఎనిమిదవ రకం. దాని పంకాకు నాలుగు రెక్కలు. నా తప్పు ఒకటి కాదు, రెండు! ఇన్నేళ్ళూ నేను ఆ సంగతి గమనించనే లేదు.

కాని తాతగారు గమనించలేదా? ఆయన ఫిట్టరు. ఆ పంకాలను తన చేతులతో విప్పి బిగించిన మనిషి. చూసిన మొదటి క్షణంలోనే ఆయనకు తెలిసి ఉండాలి. పన్నెండేళ్ళ పిల్లవాడు బహుమతి పట్టుకుని సంతోషంగా వచ్చాడు గదా అని ఆ తప్పును కడుపులో దాచుకున్నారు. మనిషి ప్రాణానికి సంబంధించినదాన్ని మాత్రం దాచలేకపోయారు. ఈ సంగతి తట్టేసరికి నా కళ్ళు చెమర్చాయి. అప్పుడు మా మనవరాలికి నిఘంటువు కథ అంతా చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పని కథ అది.

అది కాసేపు ఆలోచించి, "మాస్టారు లేరు. తాతగారూ లేరు. ఇప్పుడు ఎవరికి చెబుతావు, తాతయ్యా?" అన్నది.

"నీకు చెప్పాను గదా!" అన్నాను.

"నాకొక్కదానికి చెబితే చాలదు," అన్నది.

అందుకే పిల్లలూ, మీకందరికీ చెబుతున్నాను. నా పాత విమానానికి ఎర్రచుక్క తుడిచివేయలేదు. పంకా కూడా మార్చలేదు. రెండు విమానాలనూ బీరువాలో ఒకే అరలో పెట్టాము. పాతదాని పక్కన మా మనవరాలు తన గుండ్రటి అక్షరాలతో ఒక కొత్త అట్టముక్క రాసి నిలబెట్టింది: "1945లో బర్మా మీద ఎగిరిన స్పిట్‌ఫైర్ అని మా తాతయ్య చేసిన విమానం. ఇందులో రెండు తప్పులు ఉన్నాయి. కనిపెట్టండి."

మా ఇంటికి వచ్చే పిల్లలందరూ ఇప్పుడు ముందుగా ఆ పాత విమానం దగ్గరికే పరిగెత్తుతున్నారు. ఎర్రచుక్కను చాలామంది పట్టుకుంటున్నారు. పంకా రెక్కలను పట్టుకున్నవాళ్ళకు మా మనవరాలు ఆ పాత నిఘంటువు తెచ్చి, వాళ్ళ చేత అందులో సంతకం చేయిస్తున్నది.